పటం విప్పాక ఆగకూడదు

ఆదివారం మధ్యాహ్నం మ్యూజియంలో బొమ్మల గది తలుపు తీయగానే ముందు ఫినాయిల్ వాసన వస్తుంది, దాని వెంటే కూలర్లో తడిసిన గడ్డి వాసన వస్తుంది. ఎప్పుడైనా గాజు బీరువా తెరిచి దుమ్ము దులిపే రోజున మాత్రం ఈ రెండింటి అడుగు నుంచి ఇంకో వాసన లేస్తుంది. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడకబెట్టిన గంజి వాసన అది. బట్టకు ఆ గంజీ సుద్దా కలిపి పూసి, ఆరబెట్టి, ఆ పైన ఎర్ర రంగు పరిచి బొమ్మలు వేసిన పాత పటం ఒకటి ఆ బీరువాలో వేలాడుతోంది. అటెండెంటు నా మాట నమ్మి ముక్కు దగ్గరగా పెట్టి చూశాడు. "కాహీచ్ నాహీ, మేడమ్" అన్నాడు, ఏ వాసనా లేదని. వాసన పటంలో ఉందో నా ముక్కులోనే ఉండిపోయిందో తేల్చుకునే ఓపిక ఈ వయసులో నాకు లేదు.

నేను చంద్రపూర్‌లో ఒక మరాఠీ బడిలో డ్రాయింగ్ టీచర్ని. ఆదివారాలు ఈ చిన్న మ్యూజియం వాళ్ళు రమ్మంటే వచ్చి పిల్లలకు బొమ్మలు చూపిస్తాను. దుర్గాపూర్ గని క్వార్టర్ల నుంచి, బల్లార్‌పూర్ నుంచి, టౌన్లో అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చిన పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, ఇది ఫలానా కాలం నాటిది, ఈ రంగు ఫలానా రాయి నూరి తీసింది అని చెప్తే మర్యాదగా విని, విన్నంత మర్యాదగానే లేచి కూలర్ దగ్గరికి పోతారు. అందుకని ముందు బొమ్మలో ఉన్నట్టు నిలబడమంటాను. ఈ బొమ్మలో ఆమె చెయ్యి ఎందుకు ఎత్తింది, ఎవర్నయినా పిలుస్తోందా, ఆగమంటోందా, ఎండకు అడ్డం పెట్టుకుందా, నువ్వూ అట్లాగే ఎత్తి చూడు అంటాను. నాగ్‌పూర్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి చేతులు వెనక్కి కట్టుకుని ఇదంతా గమనించి, ఈ పద్ధతిలో మీరు ట్రైనింగ్ ఎక్కడ తీసుకున్నారు అని అడిగాడు. మా ఇంట్లో, పత్తి గదిలో అన్నాను. వేళాకోళం చేశాననుకుని నొచ్చుకున్నాడు పాపం. నేను ఉన్నమాటే చెప్పాను.

మా ఊరు కోర్పనా వైపు, తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది. గడ్‌చాందూర్‌లో ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర సర్కారు బస్సు, దిగి, సిమెంటు ఫ్యాక్టరీ పొగను వీపు వెనక పెట్టుకుని నల్లరేగడి బాటన నడవాలి. ఆ రేగడి వానాకాలం కాళ్ళకున్న చెప్పుల్ని లాక్కునేది, ఎండాకాలం పాదం ఇరుక్కునేంత నెర్రెలిచ్చేది. తాతముత్తాతల నాటి నుంచి అక్కడే సేద్యం చేసుకుంటున్న తెలుగువాళ్ళం మేము. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ, సంతలో రెండూ కలిపి కొట్టడం. తెలుగు అక్షరాలు మాత్రం నాకు పెళ్ళయ్యాక గాని రాలేదు, ఆదిలాబాద్ వైపు అత్తగారింట్లో గోడ కేలండరు చూసి కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. ఇప్పుడిది తెలుగులో రాస్తున్నానంటే ఆ కేలండరు పుణ్యమే.

చిన్నతనం అనగానే నాకు పత్తి ఇంటికొచ్చిన రోజులే కళ్ళముందుకొస్తాయి. చలి వెనక్కి తగ్గి, ఎండ ఇంకా ముదరక, ఇప్పచెట్ల కింద తెల్లవారుజామున రాలిన పువ్వు తియ్యగా మత్తుగా కంపు కొడుతూ ఉన్నప్పుడు, ముందుగదిలో గుమ్మం దగ్గర కాస్త చోటు తప్ప నేల నుంచి దూలాల దాకా పత్తి నిండిపోయేది, మేం మనుషులం వసారాలోకి, వాకిట్లోకి జరిగి పడుకునేవాళ్ళం. కందులు నూర్చిన రోజు నుంచి కందిగింజలు గుడాలుగా ఉడికిన ఆవిరి పొయ్యి దగ్గర ఎప్పుడూ ఉండేది, కొత్త జొన్నరొట్టె మీద చింతతొక్కు వేసుకుని తింటూ మా బాపమ్మ, అంటే మా నాన్న తల్లి, పళ్ళు లేని దవడలతో గంటసేపు ఒక రొట్టెను నమిలేది. పిల్లలం దొంగతనంగా పత్తి గదిలో దూరి కుప్ప మీద నుంచి దూకేవాళ్ళం. ఒళ్ళంతా దురద, జుట్టు నిండా దూది, ముక్కులో నూగు. పత్తిలో ఆకుచెత్త కలిస్తే ధర తగ్గుతుందని మా బాపు, అంటే నాన్న, చర్నాకోలు పట్టుకుని వెంటపడేవాడు గాని, ఎన్నడూ కొట్టినట్టు నాకు గుర్తులేదు.

ఆ రోజుల్లోనే, కొన్నేళ్ళకోసారి, పటం వాళ్ళు వచ్చేవాళ్ళు. ఒక్కో కులానికి దాని పుట్టుక కథ చెప్పే వాళ్ళు వేరుగా ఉంటారు, ఆ కథ బొమ్మలుగా వేసిన పటమూ వేరుగా ఉంటుంది. మా కులం కథ చెప్పే హక్కున్న ముసలాయన పెన్‌గంగ నది అవతలి నుంచి భార్యనూ, మద్దెల కొట్టే తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని వచ్చేవాడు. మేం పిల్లలం ఆయన్ని పటం తాత అనేవాళ్ళం. ఎవరి వాకిట్లో పటం కడితే కథ అయ్యేదాకా వాళ్ళింట్లోనే మకాం. రెండు గుంజల మధ్య అడ్డకర్ర వేసి, పటం చుట్ట దానికి కట్టి, కింద దీపం వెలిగించి, ఒక్కో వరసే కిందికి విప్పుతూ, పొడుగాటి బెత్తంతో బొమ్మ తర్వాత బొమ్మను తాకుతూ ఆయన పాడేవాడు. భార్య తాళాలు కొడుతూ వంత అందుకునేది. పటం మొత్తం విప్పితే మా వాకిలి పొడుగుంటుందని చెప్పేవాళ్ళు గాని, మొత్తం ఒక్కసారిగా చూసినవాళ్ళెవరూ లేరు. ఈరోజు వరస అయ్యేదాకా రేపటి వరస చుట్టలోనే ఉండాలి.

ఇంకో నియమం అన్నిటికన్నా గట్టిది. పటం విప్పాక కథ ఒక్కరోజు కూడా ఆగకూడదు. చివరి బొమ్మ తాకి మంగళం పాడేదాకా రోజూ ఎంతో కొంత నడవాలి, నడవకపోతే పటం కట్టిన ఇంటికి అరిష్టం. మా ఊళ్ళో దీన్ని నమ్మని మనిషి లేడు. ఎరువుల సంచుల మీద రాతలు చదివి అందరికీ చెప్పే మా మల్లయ్య పెదనాన్న కూడా నమ్మేవాడు.

నేను నాలుగో క్లాసులో ఉన్న ఏడాది పటం మా వాకిట్లోనే కట్టారు. అది బాపమ్మ మొక్కు. నా తర్వాత పుట్టిన తమ్ముడు పురిట్లోనే పోయాడు. అమ్మ చాలా కాలం మాట్లాడటం మానేసింది, పొలానికి పోయేది, వచ్చేది, వండేది, అంతే. మళ్ళీ నీళ్ళోసుకున్నాక బాపమ్మ ఇంకెవరినీ అడగలేదు, ఈ బిడ్డ దక్కాలని పటానికి మొక్కి, కబురు పంపింది. పటం వాళ్ళు వచ్చేసరికి అమ్మకు నెలలు నిండాయి. వసారాలో గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని కథ వినేది. బాపమ్మ కథ వినేది కాదు, అమ్మనే చూస్తూ కూర్చునేది.

కథ మధ్యాహ్నం అన్నాలయ్యాక మొదలై దీపాలు పెట్టే వేళకు ఆగేది. మా మూలపురుషుడు కరువులో పుట్టడం, పుట్టలో పెరగడం, పులి పాలు తాగడం, కోడెల్ని లొంగదీయడం, లోకంలో విత్తనమే లేకుండా పోతే దాన్ని వెతుక్కుంటూ బయల్దేరడం, ఇట్లా సాగేది. నిజం చెప్పాలంటే పిల్లలకు సగం అర్థమయ్యేది కాదు. పటం తాత పాడే తెలుగు మేం మాట్లాడే తెలుగు కాదు, పాత మాటలు, పొడుగు రాగాలు. బొమ్మలు మాత్రం అర్థమయ్యేవి. అందుకని పొద్దున పూట పత్తి గదిలో చేరి నిన్నటి వరస మళ్ళీ ఆడుకునేవాళ్ళం. నేను పులిని. మా చిన్నాన్న కొడుకు సుధాకర్ మూలపురుషుడు. వాడికి దూదితో మీసాలు పెట్టేవాళ్ళం, తుమ్మినప్పుడల్లా ఊడిపోయేవి. మాటలు గుర్తులేని చోట మరాఠీ పెట్టేవాళ్ళం, అదీ రాని చోట అరిచేవాళ్ళం.

కథ ఇక చివరికొచ్చిందనగా ఒకరోజు పొద్దున పటం తాతకు గొంతు పోయింది. జలుబు, దాని మీద జ్వరం. మిరియాల కషాయం, వాము నమలడం, కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం, ఎవరికి తెలిసింది వాళ్ళు చేశారు. గడ్‌చాందూర్ నుంచి కాంపౌండరొచ్చి సూది వేసి, మాట్లాడొద్దని చెప్పి పోయాడు. చెప్పకపోయినా ఆయన మాట్లాడలేడు, నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. భార్యకు వంత వచ్చు, మంగళం వచ్చు, అసలు కథ రాదు. తమ్ముడికి మద్దెల తప్ప మరేదీ పట్టదు. మధ్యాహ్నం అయింది. ఊరంతా వచ్చి వాకిట్లో కూర్చుంది. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు.

బాపమ్మ దీపం దగ్గర కూలబడి, "ఎట్లనన్న చెయ్యున్రి. ఇయ్యాల ఆగితె నా కోడలేమైతది" అని అందర్నీ పేరుపేరునా అడిగింది. అమ్మ వసారాలో వింటూనే ఉంది. ఆమె మొహం ఇప్పటికీ నాకు గుర్తుంది, అందులో భయం లేదు, ఇదిగో మళ్ళీ వచ్చింది అన్నట్టు ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే చూస్తారని పత్తి గదిలోకి పోయాను. అక్కడ సుధాకర్ గాడు ఈ గొడవేదీ పట్టకుండా మీసాలు పెట్టుకుని, మిగతా పిల్లల్తో నిన్నటి వరస ఆడుతున్నాడు.

మంచం మీద పడుకున్న పటం తాతకు ఆ గది గుమ్మం ఎదురుగా కనిపిస్తుంది. ఎంతసేపు చూశాడో తెలియదు. బెత్తంతో మంచంకోడు మీద టకటకా కొట్టాడు. మమ్మల్ని బయటికి రమ్మని చెయ్యూపాడు. మంచం పటం పక్కకు జరిపించుకున్నాడు, తమ్ముడికి సైగ చేసి కొత్త వరస విప్పించాడు, బెత్తం చాచి మొదటి బొమ్మ మీద పెట్టాడు, ఆ తర్వాత మమ్మల్ని చూపించాడు.

మల్లయ్య పెదనాన్న లేచి నిలబడ్డాడు. "పోరగాండ్లకేం ఎర్క? ఇది దేవుని పటం, ఆటనా గిది?" అన్నాడు. పటం తాత భార్య, ఆ ముసలామె, తాళాలు ఒళ్ళో పెట్టుకుని, "ఆయనే జెయ్యమంటుండు గద బిడ్డా, జెర ఊకో" అంది. పెదనాన్న బాపమ్మ వైపు చూశాడు. ఆమె, "కానియ్యున్రి" అంది.

మేం ఆ బొమ్మను అంతకుముందు చూసిన గుర్తు లేదు, పోయినసారి పటం వచ్చినప్పుడు మరీ పసివాళ్ళం. ఈసారి ఇంకా చుట్టలోనే ఉన్నదాన్ని ఎట్లా చూస్తాం? ఒకామె కుండ చంకన పెట్టుకుని, మెడ తిప్పి వెనక్కి చూస్తోంది. నేను పోయి అట్లాగే నిలబడ్డాను. పటం తాత తల అడ్డంగా ఊపి, బెత్తం ఆమె పాదాల మీద పెట్టాడు. చూస్తే ఒక పాదం ముందుకుంది, వేళ్ళు నేలకు నొక్కుకున్నాయి. ఆగిపోలేదు, నడుస్తోంది. నడుస్తూ ఎందుకు వెనక్కి చూస్తుంది? ఎవరో పిలిచారు. అడుగు ముందుకు వేసి, తల తిప్పి, ఎవరని మరాఠీలో "కోణ్?" అన్నాను. సుధాకర్ గాడు, "నేనే, దూపైతుంది, నీళ్ళు పొయ్యవా" అన్నాడు. మంచం మీద నుంచి బెత్తం తర్వాతి బొమ్మకు జరిగింది. మద్దెలాయన అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చున్నవాడు మెల్లగా వాయించడం మొదలుపెట్టాడు.

అట్లా వరస తర్వాత వరస. తప్పు చేస్తే బెత్తం ఆ బొమ్మ దగ్గరే ఆగి, చేతినో కంటినో కొంగునో చూపిస్తూ మేం సరిగ్గా చూసేదాకా కదిలేది కాదు. జనం మొదట గుసగుసలాడారు, తర్వాత నవ్వారు, తర్వాత ముందుకు జరిగి కూర్చున్నారు. ఎన్నిసార్లు విన్న కథో వాళ్ళకు, అయినా ఇప్పుడేమవుతుందో అన్నట్టు చూశారు. ఆ ఊపు చూసి, మిగిలిన వరసలన్నీ ఆ పూటే విప్పెయ్యమని పటం తాత సైగ చేశాడు.

చివరి నుంచి రెండో వరసలో కొంప మునిగినంత పనైంది. విత్తనం కోసం వెతుక్కుంటూ పోయిన మూలపురుషుడికి దాన్ని ఇచ్చే దేవుడు కనిపిస్తాడు. నల్లటి ఒళ్ళు, నిటారుగా నిలబడి రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నాడు. మరాఠీ బడి పిల్లలం మాకు ఇంకెవరు కనిపిస్తారు? రోజూ బడి గోడ మీద చూసే పండరిపురం దేవుడే. ఒక్కరు కూడా ఆలోచించలేదు. సుధాకర్ గాడు సాష్టాంగపడ్డాడు, మిగతావాళ్ళం చప్పట్లు కొడుతూ "విఠ్ఠల్ విఠ్ఠల్" అని భజన అందుకున్నాం. మద్దెలాయన కూడా అలవాటు కొద్దీ ఆ తాళమే పట్టేశాడు.

"అరేయ్, గాయన విఠోబా గాదురా! మన విత్తనం దేవుడు!" అని పెదనాన్న అరిచాడు. భజన ఆగిపోయింది. బాపమ్మ మొహాన నెత్తురు చుక్క లేదు. కథ ఆగడం ఒక అరిష్టం, కథలోకి వేరే దేవుణ్ణి తేవడం ఇంకో అరిష్టం, ఏది పెద్దదో తెలియక ఆమె పటం తాతను చూసింది. వాకిలంతా ఆయన్నే చూసింది. ఆయన భుజాలు కదులుతున్నాయి. దగ్గనుకున్నాం. నవ్వుతున్నాడు, చప్పుడు లేకుండా, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వుతున్నాడు. చప్పట్లు కొట్టమని మాకు సైగ చేసి, భజన పూర్తయ్యాక, బెత్తంతో సుధాకర్ చేతిలో విత్తనం పెట్టినట్టు చేసి, ఆఖరి వరస విప్పించాడు.

ఆఖరి వరసలో వానా, చేనూ, ఊరూ ఉన్నాయి. పిల్లలందరం వానైపోయాం. ముసలామె లేచి మంగళం పాడింది. బాపమ్మ ఏడ్చింది. అమ్మ నన్ను దగ్గరికి పిలిచి, నా జుట్టులోంచి దూది ఏరుతూ కూర్చుంది.

ఆ తర్వాత కొద్ది రోజులకే చెల్లి పుట్టింది. దక్కింది. బాపమ్మ ఏ దేవుడితోనూ పేచీ పెట్టుకోదలచుకోలేదు, పటానికి మొక్కు చెల్లించి, పిల్లకు విఠోబా భార్య పేరు, రుక్మిణి అని పెట్టింది. రుక్మిణికి పళ్ళొచ్చి విరేచనాలైనా, పదో తరగతి తప్పినా, "విఠోబాను ఎవరు రమ్మన్నరో" అని బాపమ్మ నావైపు ఓరగా చూసేది. చెల్లి ఇప్పుడు రాజురా టౌన్లో కుట్టు మిషన్ల దుకాణం పెట్టుకుని, ఎవరి మాటా వినకుండా హాయిగా ఉంది.

పటం తాత ఇంకొక్కసారి వచ్చాడు గాని అప్పటికి మాట తడబడుతోంది. ఆయన పోయాక, చిరిగిపోయిన ఆ పటానికి చనిపోయిన మనిషికి చేసినట్టే కర్మలు చేసి నదిలో వదిలారని విన్నాం. పాత పటాలకు అదే పద్ధతి. కొత్తది వేయించుకోవడానికి ఆయన వెనక ఎవరూ లేరు. ఇప్పుడు పత్తి చేలోంచి నేరుగా వ్యాను ఎక్కి పోతోంది, మా ముందుగదిలో సోఫా ఉంది. నేను పోయినప్పుడు ఆ గదిలో నాకు నిద్ర పట్టదు.

మ్యూజియంలో ఉన్న పటం మాది కాదు. ఎవరిదో తెలియదు. పక్కన పెట్టిన చీటీలో బట్ట మీద బొమ్మలు అని మాత్రం ఉంది. ఏ కులం కథో, ఎక్కడి వాళ్ళు పాడేవారో నాకు తెలిసిన ముసలివాళ్ళందర్నీ అడిగాను, ఫొటో తీసి పంపాను, ఎవరూ చెప్పలేకపోయారు. బీరువా పొడుగు చాలక పై వరసలు మాత్రం పరిచి, మిగతాది కింద చుట్టి ఉంచారు. విప్పితే రంగు పెళ్ళలుగా రాలిపోతుందని మ్యూజియం వాళ్ళంటారు. నిజమే, నేనైనా విప్పనివ్వను. కనిపించే వరసలకు నేనూ పిల్లలూ కలిసి బొమ్మలను చూసి చూసి ఒక కథ కట్టుకున్నాం. ఆఖరికి కనిపించేది ఒక గుర్రం. మొహం, మెడ, మీద మనిషి, పైకెత్తిన ముందు కాలు ఒకటి కనిపిస్తాయి. మిగిలిన కాళ్ళు చుట్టలోకి పోయాయి. అది నిలబడింది నీళ్ళలోనో, నేల మీదో, ఎవరి మీదో తెలియదు. ప్రతి ఆదివారం మా కథ అక్కడ ఆగుతుంది. పటం విప్పాక ఆగకూడదన్న మాట నాకు గుర్తొస్తుంది. నేను చదువుకున్నదాన్ని, అరిష్టాలు నమ్మను, అయినా గుర్తొస్తుంది.

పోయిన ఆదివారం గుర్రం వంతు దుర్గాపూర్ నుంచి వచ్చే ఒక పిల్లకు వచ్చింది. వాళ్ళ తాత మంచిర్యాల నుంచి గనిలో పనికి వచ్చాడట. చేతులు గిట్టల్లా మడిచి, ఒక కాలెత్తి, ఒంటికాలి మీద కదలకుండా నిలబడింది. మూసేవేళ బెల్లు మోగింది. తల్లిదండ్రులు నీళ్ళ సీసాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు, చాలా బాగుంది మేడమ్ అన్నారు, వచ్చేవారం ఎన్నింటికి అని అడిగారు. కథ అయిపోయిందా అని ఒక్కరూ అడగలేదు. పిల్లలు చెప్పులు వేసుకుంటున్నారు.

ఆ పిల్ల ఒక్కతే అట్లాగే ఉంది. "టీచర్, మగ పుఢే ఏమైతది?" అని, ఇక ముందు సంగతి సగం మరాఠీలో అడిగింది.

"తెల్వదు బిడ్డా" అన్నాను.

నేలకు ఆనించి ఉన్న కాలు వణుకుతోంది.

"మరి నేను కాలు దించాల్నా?"

దించమన్నాను.